ఇంట్లో కష్టకాలం నడుస్తుంటే ఏ జిగ్‌సా పజిల్ ఎంచుకోవాలి?

ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేనప్పుడు, అయినవాళ్లు దూరమైనప్పుడు, దగ్గరివాళ్ల మధ్య మాటలు ఆగిపోయినప్పుడు పుస్తకం తెరిస్తే ఒకే పేరా మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. టీవీ ముందు కూర్చున్నా ఏం చూశామో గుర్తుండదు. అలాంటి రోజుల్లో చాలామందికి జిగ్‌సా పజిల్, అంటే ముక్కలుగా కోసిన బొమ్మను మళ్లీ పేర్చే ఆట, ఆసరా అవుతుంది. అది అడిగేది ఒక్కటే: ఈ ముక్క ఎక్కడిది? దానికి జవాబు కచ్చితంగా ఉంటుంది, కళ్లెదుట బల్ల మీదే ఉంటుంది. డాక్టర్ రేపు ఏం చెబుతారో, ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియని మనిషికి అలాంటి ప్రశ్న ఒకటి దొరకడం చిన్న విషయం కాదు.

కానీ అన్ని పజిళ్లూ ఇలా సాయపడవు. సగం పెట్టె నీలాకాశమే ఉన్న 2000 ముక్కల పజిల్ అలసిపోయిన మనిషి ముందు పెడితే, ఉన్న టెన్షన్‌కి ఇంకొకటి తోడవుతుంది. మామూలు రోజుల్లో మనం ముందు బొమ్మ చూస్తాం, ఆ తర్వాత ముక్కల సంఖ్య చూస్తాం. కష్టకాలంలో ముందు చూడాల్సింది మన సమయం ఎలా ముక్కలవుతోందన్నది. తర్వాత పజిల్ పరిచే చోటు, పక్కన కూర్చునే మనుషులు. బొమ్మ సంగతి ఆ తర్వాతే. మధ్యలో ఎన్నిసార్లు లేచి వెళ్లినా, రెండు రోజులు ముట్టుకోకపోయినా, తిరిగొచ్చి కూర్చోగానే చెయ్యి అందుకునేదే ఇప్పుడు మీకు సరిపోయే పజిల్. ఈ వ్యాసంలో చేసిన పోలికలన్నీ ఆ లెక్కలోనివే.

జనం కష్టంలో పజిళ్ల వైపు చూడటం కొత్త కాదు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు చెక్కకు అతికించిన పటాలను దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. అవి పిల్లలకు భూగోళం నేర్పడానికి. పెద్దవాళ్లలో అతి పెద్ద ఊపు వచ్చింది మాత్రం అమెరికాలో మహా మాంద్యం నాటి 1932-33లో. ఉద్యోగాలు పోయి, చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో అట్టతో చేసిన చవక పజిళ్లు వారం వారం కొత్తవి వచ్చేవి, అద్దెకు కూడా దొరికేవి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ అదే జరిగింది. పెద్ద కంపెనీలు సైతం అడిగినన్ని అందించలేకపోయాయి.

ముక్కల సంఖ్య: ఒక మెట్టు కిందికి దిగండి

మీరు మామూలుగా 1000 ముక్కలవి చేస్తుంటే ఇప్పుడు 500 తీసుకోండి. 500 చేసేవాళ్లయితే 300. అసలెప్పుడూ చేయనివాళ్లు 200 నుంచి 300 మధ్య మొదలుపెట్టవచ్చు. ఇందులో తక్కువతనమేమీ లేదు. నిద్ర సరిగా లేనప్పుడు, మనసు ఇంకోచోట ఉన్నప్పుడు, మన ఓపిక నిజంగానే తగ్గుతుంది. పజిల్ ఆ ఓపికకు సరిపోవాలి.

1000 ముక్కల పజిల్ 500 దానికంటే రెట్టింపు పని అనుకుంటాం. నిజానికి అంతకంటే ఎక్కువే. ముక్కలు రెట్టింపవుతాయి, ఒక్కో ముక్కకు జత వెతకాల్సిన కుప్ప కూడా రెట్టింపవుతుంది. ముందుగా రంగుల వారీగా వేరు చేసుకుంటే ఆ భారం కొంత తగ్గుతుంది గానీ, వేరు చేయడమే ఒక సాయంత్రం పని. అంచుల లెక్క చూసినా తేడా తెలుస్తుంది. కొన్ని కంపెనీల 500 పజిల్‌లో అడ్డం 27, నిలువు 19 వరుసలుంటాయి. అంటే మొత్తం 513 ముక్కలు, వాటిలో అంచువి 88. 1000 అని రాసి ఉన్నవాటిలో 38, 27 వరుసలతో 1026 ముక్కలు వచ్చేవి ఉన్నాయి. వాటిలో అంచువి 126. అంచు పూర్తయ్యాక లోపల ఇంకా 900 ముక్కలు మిగులుతాయి. 500 దాంట్లో మిగిలేవి 425. రాత్రి పడుకునే ముందు బల్ల వైపు ఒకసారి చూసినప్పుడు ఆ తేడా మనసుకు తెలుస్తుంది.

చోటు లెక్క కూడా ఉంది. పూర్తయిన 500 పజిల్ సుమారు 49 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు ఉంటుంది. 1000 ముక్కలది 70, 50. 1500 అయితే 84, 60. 2000కి దాదాపు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు కావాలి. ఇది పూర్తయిన బొమ్మ కొలత మాత్రమే. విడి ముక్కలు పరచడానికి ఇంచుమించు అంతే చోటు అదనంగా ఉండాలి. మందులు, రిపోర్టులు, భోజనాలు అన్నీ ఒకే బల్ల మీద నడుస్తున్న ఇంట్లో 1000 ముక్కలది పరిస్తే ఎవరో ఒకరు దాన్ని జరపమంటారు, అక్కడ గొడవ మొదలవుతుంది.

300 ముక్కల వాటిలో రెండు రకాలున్నాయి, పెట్టె చూసి కొనాలి. మామూలు సైజు ముక్కలవి ఒక రకం. రెండోది పెద్ద ముక్కలది, పూర్తయితే 500 పజిల్ అంత వస్తుంది. కళ్లు బాగా అలిసినవాళ్లకు, చేతివేళ్లు నొప్పి పెట్టేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఈ రెండోదే తీసుకోండి.

బొమ్మ: అందం ఒక్కటే చూడకండి

ఓదార్పు అనగానే ప్రశాంతమైన దృశ్యం గుర్తొస్తుంది. సముద్రం, పొగమంచు, మంచు కొండ, సూర్యాస్తమయం. చూడటానికి ప్రశాంతంగా ఉన్న బొమ్మ చేయడానికి ప్రశాంతంగా ఉంటుందని చెప్పలేం. పొగమంచు దృశ్యంలో మూడొంతులు ఒకే బూడిద రంగు. రంగు సాయం లేనప్పుడు మిగిలేది ఆకారమే. ముక్కలను వాటి పక్కల్లో బయటికి పొడుచుకొచ్చిన బుడిపెలు, లోపలికి వెళ్లిన గుంటల లెక్కన వేరు చేసి, ఒక్కో ఖాళీలో ఒక్కొక్కటీ పెట్టి చూస్తూ పోవాలి. మనసు నిలకడగా ఉన్నప్పుడు అందులోనూ ఆనందం ఉంది. ఆసుపత్రి నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రి మాత్రం లేదు.

దానికి బదులు, చిన్న చిన్న బొమ్మలు పక్కపక్కన పేర్చిన కొలాజ్ రకం చూడండి. తపాలా బిళ్లలు, పుస్తకాల అలమర, పూల రకాలు, సీతాకోకచిలుకలు, పాత పోస్టర్లు ఇలాంటివి. వీటిలో ఒక్కో చిన్న బొమ్మా ఒక చిన్న పజిల్. పావుగంట దొరికితే ఒక సీతాకోకచిలుక పూర్తవుతుంది. లేచి వెళ్లినా ఏదో ఒకటి ముగించామన్న తృప్తి ఉంటుంది, తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవాల్సిన పని ఉండదు. అక్షరాలున్న ముక్కలు ఇంకా సులువు. సగం అక్షరం చూసినా ఎక్కడిదో పట్టేయవచ్చు. రంగులు పట్టీలుగా విడిపోయే బొమ్మలు, అంటే పైన ఎరుపు, కింద పసుపు, ఆ కింద ఆకుపచ్చ ఇలా సాగేవి కూడా అలసిన కళ్లకు హాయిగా ఉంటాయి.

పాత వీధులు, దుకాణాలు, జనంతో నిండిన సంతల బొమ్మలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. గోడలు, కిటికీలు, గుర్తులు ఎన్నో ఉంటాయి కాబట్టి చేయి ఆగదు, పైనున్న ఆకాశం మాత్రం చివరికి మిగిలి విసిగిస్తుంది. పెట్టె మీది బొమ్మలో ఆకాశమో నీళ్లో నాలుగో వంతుకు మించితే పక్కన పెట్టేయమంటాను.

మన సొంత ఫొటోతో చేయించే పజిళ్ల గురించి కాస్త ఆలోచించండి. పుట్టినరోజు ఫొటో, పాత ఇంటి ఫొటో బాగానే ఉంటాయి. ఈ మధ్యే దూరమైన మనిషి ఫొటోతో చేయించాలని ఎవరైనా అనుకుంటే మాత్రం కొంతకాలం ఆగమని చెబుతాను. ఆ ముఖాన్ని ముక్కలుగా చూడటం, ఒక కన్ను మాత్రమే ఉన్న ముక్కను చేతిలో పట్టుకుని వెతకడం ముందే ఊహించలేనంత బాధ పెట్టవచ్చు. బహుమతిగా ఇచ్చేటప్పుడైతే ఇంకా జాగ్రత్త. ఆ మనిషికి ఇష్టమైన పూలో, ఇష్టమైన చోటో ఉన్న బొమ్మ ఇస్తే జ్ఞాపకమూ నిలుస్తుంది, చెయ్యీ వణకదు.

కోత తీరు

దీన్ని చాలామంది పట్టించుకోరు, పెట్టె మీద కూడా స్పష్టంగా రాయరు. గళ్ల కోతలో ముక్కలన్నీ అడ్డం, నిలువు వరుసల్లో ఉంటాయి. లోపలి ముక్కలన్నింటికీ నాలుగు వైపులుంటాయి కాబట్టి, బుడిపెలూ గుంటలూ ఎలా కలిసినా వచ్చే రూపాలు ఆరే: నాలుగు బుడిపెలు, మూడు, పక్కపక్కన రెండు, ఎదురెదురుగా రెండు, ఒకటి, అసలు లేనిది. ఒకే రంగు భాగాల్లో ఈ ఆరు కుప్పలుగా వేరు చేసుకుంటే పని సాగుతుంది. అడ్డదిడ్డపు కోతలో వరుసలుండవు. ఒక ముక్క పొడుగ్గా, ఒకటి మూడు మూలలతో, ఒకటి తోకతో ఉంటుంది. ఏ రెండూ ఒకలా ఉండవు కాబట్టి, రంగు తెలియకపోయినా ఆకారం గుర్తుండిపోతుంది.

అలసిన మనిషికి నా ఓటు అడ్డదిడ్డపు కోతకే. గళ్ల కోతలో, అందునా చవక రకాల్లో, తప్పు ముక్క కూడా సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. అది అరగంట తర్వాత బయటపడితే ఆ చుట్టుపక్కలంతా విప్పాలి. అనుమానం వచ్చిన రెండు ముక్కలను కలిపే పైకెత్తి దీపానికి ఎదురుగా పట్టుకోండి. నిజమైన జతలో గీత చుట్టూ వెలుతురు దాదాపు రాదు. తప్పు జతలో బుడిపె మెడ దగ్గర సన్నని వెలుగు చీలిక కనబడుతుంది. వేలి కొసతో గీత మీద నిమిరినా తెలుస్తుంది, ఒక అంచు కాస్త ఎత్తుగా తగులుతుంది. మంచి అట్ట పజిల్‌లో నాలుగు ముక్కలు కలిపి ఒక మూల పట్టుకుని ఎత్తినా విడిపోవు. ఇబ్బందుల మధ్య పజిల్‌ని అటూ ఇటూ జరపాల్సిన ఇళ్లలో ఈ బిగువు చాలా అవసరం.

అట్టా, చెక్కా, తెరా

అట్ట పజిళ్లలో రకాలు లెక్కలేనన్ని, ధర తక్కువ, ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

చెక్కవి మందంగా, బరువుగా ఉంటాయి. ముక్క ముక్కలో కూర్చునేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది. మధ్యలో పక్షి, చెట్టు, సైకిల్ లాంటి రూపాల్లో కోసిన ముక్కలుంటాయి, అవి చేతికి దొరికినప్పుడు ఎంత వయసు వాళ్లకైనా ముఖం వెలుగుతుంది. 250 ముక్కల చెక్క పజిల్‌కి అట్ట 500 అంత సమయం పట్టవచ్చు, ఎందుకంటే కోత అలా తికమక పెడుతుంది. ధర చాలా ఎక్కువ. మంచం పట్టిన మనిషికి, పెద్ద ట్రేలో ఒడిలో పెట్టుకుని చేసుకోవడానికి చిన్న చెక్క పజిల్ మించినది లేదు. ముక్కలు జారవు, చేతికి పట్టు దొరుకుతుంది. అంత ఖర్చు పెట్టగలిగితే ఇంట్లో అందరికీ కాకుండా అలాంటి మనిషి కోసం పెట్టండి.

ఫోన్, ట్యాబ్‌లలో ఆడే పజిళ్లను చిన్నచూపు చూడాల్సిన అవసరం లేదు. ఆసుపత్రి వరండాలో, ఐసీయూ బయట కుర్చీలో, దూర ప్రయాణంలో అదొక్కటే కుదురుతుంది. పేరు పిలిచిన క్షణంలో జేబులో పెట్టేసి లేవవచ్చు, ముక్క పోయే భయం లేదు. యాప్ సెట్టింగుల్లో మొదట ముక్కలు తిప్పే అవసరం లేకుండా చేసుకోండి, 60 నుంచి 100 ముక్కలు పెట్టుకోండి, సమయం లెక్కపెట్టే గడియారం ఉంటే ఆపేయండి. ఇబ్బంది ఒకటుంది. అదే తెర మీద మెసేజ్‌లు, వార్తలు, రోగం గురించిన వెతుకులాట అన్నీ ఒక్క వేలి దూరంలో ఉంటాయి. అత్యవసర కాల్స్ మాత్రం వచ్చేలా ఉంచి మిగతా నోటిఫికేషన్లు ఆపగలిగితే సరే. లేకపోతే ఒక చిన్న డబ్బాలో పట్టే 100 లేదా 150 ముక్కల పజిల్, దాంతోపాటు గట్టి అంచున్న ట్రే ఒకటి సంచిలో పెట్టుకెళ్లండి.

ఎవరి కోసం, ఎవరితో

రోగిని ఇంట్లో చూసుకుంటున్నవాళ్లకు: 500 ముక్కలు, కొలాజ్ బొమ్మ, అడ్డదిడ్డపు కోత. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే చదివే ఓపిక ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని పరిస్థితి ఉంటే అప్పుడు మాత్రం 1000 ముక్కలది నయం. పెద్ద పజిల్ బల్ల మీద రోజుల తరబడి ఉంటుంది, వచ్చిపోయేవాళ్లు ఆగుతారు. ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చూసుకోనక్కర్లేదు, కళ్లు బల్ల మీద ఉంటాయి. మా అమ్మ ఆపరేషన్ అయ్యి కోలుకుంటున్న రోజుల్లో అన్నయ్యకూ నాకూ ఖర్చుల విషయంలో మాట పట్టింపు వచ్చింది. ఇద్దరం ఒకే బల్ల దగ్గర మౌనంగా ముక్కలు పెట్టేవాళ్లం. ఒక సాయంత్రం నేను తలెత్తకుండానే, "అన్నయ్యా, ఎర్ర అంచున్న ముక్క నీ వైపేమైనా ఉందా?" అన్నాను. అతను వెతికి నా ముందు పెట్టి, "రేపు డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తాలే, నువ్వు పడుకో" అన్నాడు. ఖర్చుల సంగతి ఆ తర్వాత మెల్లగా మాట్లాడుకోగలిగాం. కలిసి చేసేటప్పుడు ఒక్క పద్ధతి పెట్టుకోండి: ఎవరి మూల వాళ్లది, ఇంకొకరు పెట్టిన ముక్కను అడక్కుండా తీయకూడదు.

పిల్లలున్న ఇంట్లో ఒకే పెట్టెలో మూడు సైజుల ముక్కలున్న కుటుంబ పజిళ్లు దొరుకుతాయి. ఒక వైపు పెద్దవి, మధ్యలో ఓ మోస్తరువి, ఇంకో వైపు చిన్నవి. పిల్లలకు పెద్దవాళ్ల బాధ అర్థమవుతుంది గానీ ఏం చేయాలో తోచదు. పక్కన కూర్చుని అదే బొమ్మలో తన వంతు తను చేయడం వాళ్లకు కావాల్సిన దగ్గరితనం.

మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్లకు ముక్కలు బాగా తగ్గించాలి. 35, 63 ముక్కలతో వాళ్ల కోసమే చేసినవి ఉన్నాయి. బొమ్మ మాత్రం పెద్దల బొమ్మే ఉండాలి. కార్టూన్ జంతువుల పజిల్ ముందు పెడితే, నన్ను చిన్నపిల్లాణ్ని చేశారన్న సంగతి ఆ మనిషికి తెలుస్తుంది. రైలు, తోట, పాత కారు, వంటగది లాంటి తెలిసిన దృశ్యాలు ఇవ్వండి. "ఇది తప్పు నాన్నా" అనే బదులు సరైన ముక్కను చెయ్యి అందే చోటికి జరపండి.

పజిళ్లు చేస్తే మతిమరుపు రాదనో, మెదడు పదునెక్కుతుందనో విని కొనేవాళ్లున్నారు. 2018లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 ఏళ్లు పైబడినవాళ్లతో 30 రోజులు పజిళ్లు చేయించి చూశారు. ఏళ్ల తరబడి పజిళ్లు చేస్తున్నవాళ్లలో ఆలోచనా సామర్థ్యం మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది గానీ, ఆ 30 రోజుల వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ కష్టంలో పజిల్‌ని మందుగా తీసుకోవద్దు. కాసేపు మనసు నిలిచే చోటు దొరికితే చాలు. వారాల తరబడి నిద్ర, తిండి తప్పి, దేని మీదా మనసు పోకపోతే డాక్టర్‌ని కలవాల్సిందే.

చుట్టి పెట్టే మ్యాట్టా, బోర్డా?

పజిల్‌ని మధ్యలో తీసి దాచాల్సి వస్తుందంటే బోర్డు తీసుకోండి. బట్ట మ్యాట్ మీద పజిల్ పేర్చి గొట్టానికి చుట్టేస్తే చోటు కలిసొస్తుంది, కానీ విప్పినప్పుడు అంచులు, విడి ముక్కలు కదిలి ఉంటాయి. బిగువు లేని పజిలైతే మరీ. 1000 ముక్కలకు కనీసం 75 సెంటీమీటర్ల పొడవు, 55 వెడల్పు ఉన్న గట్టి పలక ఏదైనా చాలు, రాత్రి మంచం కింద తోసేయవచ్చు. విడి ముక్కలకు మూతలున్న లోతు తక్కువ డబ్బాలు వాడండి. దీపం పక్క నుంచి కాకుండా పైనుంచి పడేలా చూసుకోండి. గంటల తరబడి తల వంచితే మెడ పట్టేస్తుంది కాబట్టి పలకను కాస్త వాలుగా పెట్టుకుంటే మేలు. ముక్కలు జారకుండా పలక పైన బట్ట అంటించి ఉండాలి.

డబ్బుకు ఇబ్బందిగా ఉన్న సమయంలో కొత్తవి కొనక్కర్లేదు. చాలామంది ఒకసారి చేసిన పజిల్ మళ్లీ ముట్టుకోరు, అడిగితే సంతోషంగా ఇస్తారు. వాడినది తీసుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి: ముక్కలన్నీ ఉన్నాయా, ఎవరైనా పూర్తి చేసి చూశారా, తడి తగిలిందా. తడిసిన అట్ట ఉబ్బుతుంది, బొమ్మ కాగితం మూలల్లో లేస్తుంది, అలాంటివి ఉచితంగా ఇచ్చినా వద్దు. ఒకటి రెండు ముక్కలు లేవని ముందే తెలిస్తే పరవాలేదు, ఎక్కడ ఖాళీ మిగులుతుందో తెలుసుకుని చేస్తాం. ముందు చెప్పకపోతే మాత్రం చివర్లో బల్ల కింద, పరుపు కింద వెతుకుతూ మనసు పాడవుతుంది. మీరు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు లేని ముక్క ఏ భాగంలోదో మూత లోపలి వైపు పెన్సిల్‌తో రాసి ఇవ్వండి. అంచు ముక్కలను వేరే సంచిలో కట్టి పెట్టెలో వేస్తే, తీసుకునే మనిషికి మొదటి సాయంత్రం పని సగం తగ్గుతుంది.